‘గిరిజనులు వాడుతారు’: ఒక వాక్యం మీద విమర్శ, కిత్తనార సాక్ష్యం

మన ప్రాంతం మొక్కల మీద వచ్చిన పుస్తకం ఏది తిరగేసినా ఒక వాక్యం తగులుతుంది. “దీనిని గిరిజనులు అనాదిగా వాడుతున్నారు.” ప్రదర్శనల్లో మొక్క కింద పెట్టే అట్టముక్క మీదా అదే ఉంటుంది. పిల్లలు ప్రాజెక్టు పని అని రాసుకొచ్చే కాగితాల్లోనూ అదే. అది చదివి మనవాళ్లు సంతోషిస్తారు. అచ్చులో మన పేరు వచ్చింది కదా అనుకుంటారు. ఆ సంతోషాన్ని మేము తప్పు పట్టం. కానీ ఆ వాక్యాన్ని ఒకసారి విప్పి చూడాలంటాం.

అందులో ఉన్నవి మూడే ముఖ్యమైన మాటలు. ‘గిరిజనులు’ అంటే ఎవరు? సవరలా, జాతాపులా, గదబలా, కొండదొరలా? ‘అనాదిగా’ అంటే ఎప్పటి నుంచి? ‘వాడుతున్నారు’ అంటే ఏ భాగాన్ని, ఏ కాలంలో, ఎలా? ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఆ వాక్యం జవాబు చెప్పదు. మన గురించి చెబుతున్నట్టే ఉంటుంది, మన గురించి ఏమీ చెప్పదు. ఈ మాట రుజువు చేయడానికి మేము అందరికీ తెలిసిన ఒక మొక్కను సాక్షిగా తెచ్చుకున్నాం. అది కిత్తనార.

కిత్తనార తెలియనివాళ్లు మన జిల్లాల్లో ఉండరు. కొండ మీద పోడు అంచునా ఉంటుంది, కింద గరివిడి, చీపురుపల్లి మెట్టల్లో పొలం గట్టునా ఉంటుంది. కాండం కనిపించదు. దళసరి మట్టలు నేల నుంచే నాలుగు వైపులా పువ్వు రేకుల్లా విచ్చుకుని ఉంటాయి. మట్ట కొసన సూదిలాంటి ముల్లు. కొన్నింటికి అంచుల పొడుగునా వంకర ముళ్లు కూడా ఉంటాయి. వాటిని రాకాసి మట్టలు అంటారు. కొన్నింటి అంచులు నున్నగా ఉంటాయి, కొసముల్లు ఒక్కటే. వృక్షశాస్త్రం లెక్కలో ఇవి వేరువేరు జాతులు. బూడిద నీలం రంగు మట్టలతో అంచు ముళ్లున్నది అగేవ్ అమెరికానా. నారకోసం తోటలుగా పెంచే నున్నటి మట్టది అగేవ్ సైసలానా, అంటే సైసల్. చాలా పుస్తకాలు ఈ తేడా పట్టించుకోకుండా ఒకే పేరు కింద రెండింటినీ కలిపేస్తాయి. పాత ఇంగ్లిషు పుస్తకాలయితే దీనిని ‘అమెరికన్ ఆలో’ అని పిలిచి కలబందతోనూ కలిపాయి. కలబంద వేరు, కిత్తనార వేరు. మట్ట చీల్చి చూసిన పిల్లవాడికి ఆ తేడా తెలుసు. కలబందలో గుజ్జు తప్ప లాగడానికి నార దొరకదు.

అనాది కాదు

ముందు ‘అనాదిగా’ అన్న మాట తీసుకుందాం. కిత్తనార మన దేశం మొక్క కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం, ముఖ్యంగా మెక్సికో పీఠభూములు, ఎండు కొండలు. అక్కడి ఆదివాసులు దీనిని కొన్ని వేల ఏళ్లుగా ఎరుగుదురు. మట్ట నుంచి నార తీసి బట్ట నేశారు, తాళ్లు పేనారు. కొసముల్లును దాని వెంట వచ్చే నారతో సహా ఊడదీసి, సూదీ దారమూ ఒకేసారి సంపాదించారు. ఎండిన మట్టలతో ఇంటి కప్పు వేశారు. మొక్క నడిమి గుంటలో ఊరే తీపి నీటిని పులియబెట్టి ‘పుల్కే’ అనే పానీయం చేశారు. ఈ మొక్కకు వాళ్లలో ఒక దేవత కూడా ఉంది. ఆమె పేరు మయావెల్. 1492లో కొలంబస్ ఓడలు అక్కడికి చేరిన తర్వాతే ఈ మొక్క సముద్రం దాటి మిగతా ప్రపంచానికి వచ్చింది. కనుక మన కొండల్లో దీని వాడకం ఎంత పాతదైనా అయిదు వందల ఏళ్లకు మించదు. ‘అనాది’ అన్న మాట ఇక్కడ అబద్ధం.

అయితే మన పరువు తగ్గిందా? లేదు, పెరిగింది. అనాది నుంచి ఉన్నదంటే అది ఎండలాగా, వానలాగా దానంతట అదే ఉన్నట్టు. అందులో ఎవరి తెలివీ అక్కర్లేదు. అదే ఒక పరాయి మొక్క వచ్చిందంటే, దానిని ఎవరో ఒకరు మొదటిసారి చీల్చి చూశారన్నమాట. అడ్డతీగ నార తీసిన చేతులు, గోగు నానబెట్టిన చేతులు ఈ కొత్త మట్టను పట్టుకుని, ఇది దేనికి పనికొస్తుందో తేల్చాయి. పసరు తగిలితే ఒళ్లు దురద పెడుతుందని తెలుసుకున్నాయి. పశువులు దీని జోలికి పెద్దగా రావని చూసి కంచెగా నాటాయి. రాళ్ల నేలలో, నీరు పోయకుండా బతుకుతుందని చూసి, ఏమీ పండని చోట పెట్టాయి. దీని మట్టల అమరిక పడిన చినుకును మొదటికే జార్చుకుంటుందనీ, ఇది పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరిచి నీరు పొదుపు చేస్తుందనీ శాస్త్రం చెబుతుంది. ఆ కారణం తెలియకముందే ఫలితాన్ని కనిపెట్టి వాడుకున్నవాళ్లు ఉన్నారు. దీన్ని పరిశోధన అనాలి. ‘అనాది’ అనే మాట ఆ పరిశోధనను చెరిపేస్తుంది.

ఇది కిత్తనార ఒక్కదాని సంగతి కాదు. సీతంపేట కొండల మీద సవరలు పండించే అనాస కూడా ఇలా మట్టలు విచ్చుకున్న మొక్కే. అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. మిరప అమెరికా ఖండానిదే, జీడిమామిడి దక్షిణ అమెరికాదే. కాఫీ ఆఫ్రికా కొండలది. అయినా 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టుక ఎక్కడైనా, దానికి ఆ రుచి తెచ్చిన నేలా చేతులూ ఇక్కడివని కాగితం మీద రుజువైంది. పరాయి మొక్క మనదవడానికి అడ్డేమీ లేదు. ఏ పని వల్ల మనదయిందో రాసి ఉండాలి, అంతే.

వాడటం అంటే పని

రెండో మాట ‘వాడుతున్నారు’. “కిత్తనారతో తాళ్లు చేస్తారు” అని ఒక్క ముక్కలో రాసేస్తారు. తాడు ఎలా అయిందో రాయరు.

మట్టలను పైనుంచి కోయకూడదు. అడుగున ముదిరిన వరస కోసి, నడిమి మొవ్వును వదలాలి, లేకపోతే మొక్క దెబ్బతింటుంది. కోసిన వెంటనే కొసముల్లు, అంచు ముళ్లు చెక్కేయాలి. తర్వాత రెండు దారులున్నాయి. పచ్చి మట్టను బండ మీద కొట్టి, మొద్దు కత్తితో గీరి గుజ్జు తీసేయడం ఒకటి. నీటిలో కొన్నాళ్లు ముంచి, గుజ్జు కుళ్లాక కొట్టి కడగడం రెండోది. మొదటిదానిలో చేతులు మండుతాయి. పసరులో ఉండే సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు చర్మంలో గుచ్చుకోవడమే దురదకు ఒక కారణం. రెండోదానిలో వాసన భరించాలి. పైగా ఆ పసరులో సబ్బులాగా నురగనిచ్చే పదార్థం చేపలకు మంచిది కాదు. కనుక తాగే నీటిలో, చేపలుండే గెడ్డలో మట్టలు ముంచకూడదు. కడిగిన నారను ఆరబెట్టి, దువ్వి, పాయలుగా తీసి పేనాలి. ఒక్కొక్క పాయను ఒక వైపు మెలిపెట్టి, రెండు పాయలను కలిపేటప్పుడు ఎదురు మెలి తిప్పాలి. ఆ ఎదురు మెలిక లేకపోతే తాడు విప్పుకుపోతుంది.

సైసల్ తోటల లెక్క ప్రకారం పచ్చి మట్ట బరువులో చేతికొచ్చే నార నూటికి నాలుగు పాళ్లు. అంటే వంద కిలోల మట్టలు మోసి, కొట్టి, గీరితే నాలుగు కిలోల నార. ఒక సైసల్ మొక్క తన బతుకంతా కలిపి ఇచ్చే మట్టలు సుమారు 200 నుంచి 250. ఈ అంకెలు పక్కన పెట్టుకుని ‘తాళ్లు చేస్తారు’ అన్న వాక్యాన్ని మళ్లీ చదవండి. వందకు తొంభై ఆరు పాళ్ల శ్రమ ఆ వాక్యంలో కనిపించదు. పలుపు, పగ్గం, చేంతాడు, ఉట్టి, మంచం నులక అంటూ పేర్ల జాబితా మాత్రం కనిపిస్తుంది.

శ్రమను రాయడం కష్టం అనేవారికి మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. గరివిడిలో రైలెక్కి చీపురుపల్లి దాటి నాలుగు స్టేషన్ల లోపే పొందూరు వస్తుంది. పొందూరు ఖాదీ గురించి ఎవరు రాసినా వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేస్తారన్న సంగతి రాయకుండా ఉండరు. సన్నటి నూలు ఎందుకు సన్నగా వస్తుందో ఆ ఒక్క వివరం చెబుతుంది. చేతి పని వివరం అచ్చులోకి ఎక్కింది కనుక ఆ బట్టకు పేరు నిలిచింది, గౌరవం నిలిచింది. కిత్తనార తాడు వెనక కూడా అంతే సూక్ష్మమైన పని ఉంది. దానిని ఎవరూ ఆ శ్రద్ధతో రాయలేదు. నైలాన్ తాడు సంతలోకి వచ్చిన తర్వాత ఎదురు మెలి తిప్పే చేతులు ఏటికేడు తగ్గిపోతున్నాయి. ఇప్పుడు రాయకపోతే రేపు అడగడానికి మనిషి ఉండరు.

మందు విషయంలో ఈ పొడి వాక్యం ఇంకా ప్రమాదం. “దీని పసరు గాయాలకు వాడతారు” అని రాసి ఊరుకుంటారు. ఎంత, ఎవరికి, ఏ జాగ్రత్తతో అన్నది ఉండదు. అది చదివిన పిల్లవాడు పచ్చి పసరు ఒంటికి రాసుకుంటే బొబ్బలెక్కుతాయి. పెద్దల తెలివిలో సగం ‘ఎప్పుడు వాడకూడదు’ అన్నదే. పుస్తకాలు ఆ సగాన్ని వదిలేసి మిగతా సగాన్ని గిరిజన వైద్యం అని అచ్చేస్తున్నాయి.

పేరు లేని జనం

మూడో మాట ‘గిరిజనులు’. అదే పుస్తకంలో మొక్కకు రెండు పదాల లాటిన్ పేరు ఉంటుంది. దానికి పేరు పెట్టిన శాస్త్రవేత్త పేరు పక్కన పొట్టి అక్షరాల్లో ఉంటుంది. సేకరించిన అధ్యాపకుడి పేరు ముందుమాటలో ఉంటుంది. మొక్క చూపించి, దాని గుణం చెప్పి, ఎండలో వెంట నడిచిన మనిషి మాత్రం ‘గిరిజనులు’ అన్న గంపలో పడిపోతాడు. అతని ఊరు ఉండదు, అతని భాష ఉండదు. ఆ మొక్కకు అతని భాషలో ఉన్న పేరూ ఉండదు.

ఇలా రాయడమే పద్ధతి అని అనుకోవద్దు. మన ప్రాంతంలోనే వేరే దారి చూపినవారున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గరే సవర భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద గ్రంథం, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువు వెలువడ్డాయి. సవరలు ఒక వస్తువును ఏమంటారో ఆ మాటను, వాళ్లు పలికిన ధ్వనితో పట్టుకోవాలని ఆయన పట్టుబట్టారు. ముందు వాళ్ల మాట, తర్వాత మన వివరణ. మొక్కల మీద రాసేవారికి ఈ వరస చాలు.

పేరు రాయడం వల్ల ఏమొస్తుంది అని అడిగేవారికి కేరళ సంగతి చెప్పాలి. 1987లో అగస్త్య కొండలకు వెళ్లిన శాస్త్రవేత్తల బృందం అలసిపోయి నడవలేకపోయింది. దారి చూపుతున్న కాణి తెగవాళ్లు మాత్రం ఒక చిన్న మొక్క పండ్లు నములుతూ హుషారుగా నడిచారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. మల్లన్ కాణి, కుట్టిమాథన్ కాణి చూపించిన ఆ మొక్క మీద తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధనా సంస్థ పని చేసి ‘జీవని’ అనే మందు తయారు చేసింది. లైసెన్సు రుసుములోనూ రాయల్టీలోనూ సగం కాణి తెగ ట్రస్టుకు దక్కేలా ఒప్పందం జరిగింది. అందులో లోపాలున్నాయి. తెగ మొత్తాన్ని అడగలేదని కాణీల్లోనే కొందరు అభ్యంతరం చెప్పారు. అయినా ఆ ఒప్పందం గురించి ప్రపంచం మాట్లాడుకోవడానికి కారణం, చెప్పినవాళ్లు ఎవరో రాసి ఉండటమే. ‘గిరిజనులు వాడుతారు’ అని మాత్రమే రాసి ఉంటే ట్రస్టు ఎవరి పేరున పెట్టేవారు?

చట్టం సంగతి కూడా మన యువకులు తెలుసుకోవాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అది ఊరి మొక్కలు, వాటి గురించి ఊరివారికి తెలిసిన సంగతులు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. ఇది ఏజెన్సీ గ్రామాలకే కాదు, గరివిడి లాంటి మైదాన మండలానికీ వర్తిస్తుంది. 2023లో ఈ చట్టాన్ని సవరించారు. గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి, లాభం పంచే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆయుర్వేద గ్రంథంలో ఉన్న మొక్కకూ మన ముసలమ్మ నోట ఉన్న మొక్కకూ ఇప్పుడు చట్టం దృష్టిలో తేడా ఉంది. చాలాసార్లు రెండూ ఒకే మొక్క. వానల మొదట్లో నేలబారున పచ్చటి నక్షత్రాల్లా పూసే నేలతాడినే చూడండి. అదీ నేల నుంచే ఆకులు విచ్చుకునే మొక్క. ఆయుర్వేదంలో అది తాలమూలి. గడ్డ తవ్వేది కొండవాళ్లు, పేరు గ్రంథానిది. ఇలాంటి చోట మనం ఏం చేస్తామో, ఏ కాలంలో తవ్వుతామో, ఎంత వదిలేస్తామో విడిగా, వివరంగా రాసి లేకపోతే మన భాగం ఇదీ అని చూపించలేం. ‘అనాదిగా గిరిజనులు’ అన్న వాక్యం అలాంటి చోట సాక్ష్యంగా నిలబడదు.

రాస్తే దొంగలకు దారి చూపినట్టే కదా అని ఒక వాదన ఉంది. అది తీసిపారేయాల్సిన వాదన కాదు. ఏది రాయాలి, ఏది ఊరు దాటకూడదు అన్నది ఊరు కూర్చుని తేల్చుకోవాలి. రహస్యంగా ఉంచాల్సిన వైద్యాన్ని రాయమని మేము అడగం. కానీ సగం సగం రాసి, పేరు లేకుండా అచ్చేయడంలో ఆ రక్షణ కూడా లేదు. సంగతి బయటికి పోతుంది, చెప్పినవారు లోపలే ఉండిపోతారు.

కథల్లో, కవితల్లో

శాస్త్ర పుస్తకాలనే తప్పు పడితే న్యాయం కాదు. ఆదివాసీ జీవితం మీద వచ్చే కవితల్లో కిత్తనార ఎక్కువగా ముల్లుగానో కంచెగానో వస్తుంది. లేదా ఒక్కసారి పూసి చచ్చిపోయే త్యాగమూర్తిగా వస్తుంది. ఈ మొక్క నిజంగానే జీవితంలో ఒక్కసారే పూస్తుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన సత్తువంతా చెట్టంత ఎత్తు పూల గెడలోకి ఎక్కించి, తర్వాత ఎండిపోతుంది. కవి అక్కడ ఆగిపోతాడు. తాడు పేనే మనిషి ఆగడు. తల్లి ఎండకముందే మొదట్లో పిలకలు లేస్తాయని అతనికి తెలుసు. గెడ మీద చిన్న చిన్న మొలకలు కట్టి రాలి, పడిన చోట వేరు పడతాయనీ తెలుసు. 1893లో జర్మన్ తోటల నిపుణుడు హిందోర్ఫ్ ఇలాంటి వెయ్యి సైసల్ మొలకలను తూర్పు ఆఫ్రికాకు తెప్పించాడు. దారిలో పోగా బతికినవి 62. టాంజానియాలోని సైసల్ తోటలకు మూలం ఆ 62 మొక్కలే. చచ్చిపోవడం గురించిన ఉపమానం కంటే మొలక గురించిన ఈ నిజం మనకు ఎక్కువ పనికొస్తుంది. మొక్కను దగ్గరగా చూస్తే కవిత్వానికి కొత్త మాటలు దొరుకుతాయి. చూడకపోతే పాత ఉపమానమే తిరిగి తిరిగి వస్తుంది.

కథల్లోనూ అంతే. దోపిడీ, ఆకలి, పోరాటం రాయాలి, రాస్తున్నాం. ఆ మనిషి రోజంతా చేతులతో ఏం చేస్తాడో కూడా రాయాలి. పలుపు పేనడం తెలిసిన పాత్రకు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. సంతలో షావుకారు తాడు ధర తగ్గిస్తే దేని ధర తగ్గిందో అప్పుడే చదివేవారికి అర్థమవుతుంది.

ఎలా రాయాలి

ఉపాధ్యాయులకు మేము పెద్ద పని చెప్పడం లేదు. పిల్లలు మొక్కల ప్రాజెక్టు రాసేటప్పుడు ‘గిరిజనులు’, ‘అనాదిగా’ అన్న రెండు మాటలను నిషేధించండి. వాటి బదులు అయిదు సంగతులు అడగండి. చెప్పింది ఎవరు, ఏ ఊరు, పేరు వేయడానికి ఒప్పుకున్నారా? వాళ్ల భాషలో మొక్క పేరు ఏమిటి? వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? పని మొదటి నుంచి చివరి వరకు ఎలా సాగుతుంది? ఏం చేయకూడదు?

అప్పుడు పిల్లవాడి కాగితంలో ఇలాంటి వాక్యాలు వస్తాయి: “ఇది మా అవ్వ చెప్పింది. ఆమె వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుంది. మేము దీనిని మా భాషలో ఇలా అంటాము. మొవ్వు వదిలి అడుగు మట్టలే కోస్తాము. గెడ్డలో నానబెట్టము, చేపలు చస్తాయి. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ పేనరు, ఆవుకు నైలాన్ పలుపు కొన్నాము.” ఇందులో అలంకారం ఒక్కటీ లేదు. కానీ ఎవరు, ఎప్పుడు, ఎలా అన్న మూడు ప్రశ్నలకూ జవాబుంది. ఆఖరి వాక్యంలో ఒక నష్టం కూడా నమోదైంది. పెద్ద పెద్ద గ్రంథాల కంటే ఈ కాగితం మేలు.

చదువుకుంటున్న మన యువతకు ఇంకొక మాట. విజయనగరం జిల్లాలోనే కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఒడిశాలో సంబల్‌పూర్ జిల్లా బామ్రాలో సైసల్ మీద పరిశోధనా కేంద్రం ఉంది. అలాంటి చోట్లకు సమాచారం చెప్పే మనిషిగా వెళ్లడం ఒకటి, రాసే మనిషిగా వెళ్లడం మరొకటి. పశువుల మెడకు ఏ తాడు ఒరుసుకోదో, ఏ నార వానకు త్వరగా కుళ్లదో మీ ఇంట్లో తెలుసు. దానిని ప్రశ్నగా మార్చి, కొలిచి, మీ పేరుతోనూ మీకు చెప్పినవారి పేరుతోనూ రాయండి.

మెక్సికో దేశం 1974లో ‘తెకీలా’ అన్న పేరును తన నేలకు కట్టుకుంది. అక్కడి నియమిత ప్రాంతాల్లో, నీలి అగేవ్‌తో చేసినదానికి తప్ప ఆ పేరు చెల్లదు. ఆ సారా సంగతి మనకు అక్కర్లేదు. ఒక మొక్క చుట్టూ ఉన్న పనికి ఊరి పేరు అంటిపెట్టుకుంటే ఎంత బలమో అది చూపిస్తుంది. మన కిత్తనార తాడుకు అలాంటి పేరు లేదు. పేనిన చేతులు ఇంకా కొన్ని మన ఊళ్లలో ఉన్నాయి. ఈ వానాకాలం సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఆ చేతుల పక్కన కూర్చోండి. మొదట మెలి తిప్పడం నేర్చుకోండి, తర్వాత రాయండి.